ఆవపల్లి బాయిలు నలుగురు

నాకు కోపం ఎక్కువని మా బ్లాకులో, మీ లెక్కన మండలంలో, టీచర్లందరికీ తెలుసు. నెలనెలా మీటింగుకు పోతే నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంటది. ఉండనీ, నాకేం నష్టం? బ్యాగు పెట్టుకోవడానికి చోటు దొరుకుతది. ఆ కోపం మంచిదా చెడ్డదా అంటే నేను చెప్పలేను గానీ, ఒకసారి మాత్రం అది బాగా పనికొచ్చింది. ఒకసారి నా మీదికే తిరిగింది కూడా. రెండూ ఒకే వారంలో జరిగినయి.

మాది కొంటా. సరిహద్దుకు అవతల, హిందీ రాష్ట్రంలో, శబరి నది ఒడ్డున పుట్టి పెరిగిన. ఉద్యోగం మాత్రం ఆవపల్లి నుంచి ఉసూర్ పోయే దారిలో, రోడ్డు దిగి ఇంకో గంట సైకిలు తొక్కితే వచ్చే ఊళ్లో. పద్దెనిమిదేళ్లయింది. రెండు గదుల బడి, ముందర వరండా, పక్కన వంట రేకుల షెడ్డు. పాఠం హిందీలో చదివిస్తా, అర్థం ఊరి భాష దోర్లీలో చెప్తా, తిట్టేది మాత్రం తెలుగులోనే. తిట్టు అందరికీ అర్థమయితది.

ఆ ఊళ్లో కోడళ్లకు పేర్లుండవు. అంటే ఉంటయి గానీ ఎవరూ పిలవరు. ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరామె. ఉసూర్ నుంచి వచ్చినామె ఉసూరామె, ఆవపల్లి నుంచి వచ్చినామె ఆవపల్లామె. అత్త అట్లనే పిలుస్తది, మొగుడు అట్లనే పిలుస్తడు, మీ అమ్మ పేరేందిరా అని బడిలో అడిగితే కన్నపిల్లలు చెప్పేదీ అదే. అసలు పేరు పుట్టింట్లో ఉండిపోతది. ఎప్పుడన్నా అక్కడికి పోయినప్పుడు ఎవరో ముసలామె పిలిస్తే వింటది, అంతే. నన్ను కూడా వెనకనుంచి కొంటామె అనే అంటరు. ముందరయితే మేడం. మొదట్లో నాకిది ఎంతో ముద్దొచ్చింది. మనిషితో పాటు ఊరు కూడా నడిచొచ్చింది గదా అనుకున్న. బుద్ధి లేక.

ఓటరు లిస్టు పని అంతకుముందు పక్కూరి సారు చూసేవాడు. ఆయన బదిలీ అయి పోయినంక ఆ కాగితాల సంచి నా మెడలో పడ్డది. బడి వదిలినంక ఇల్లిల్లూ తిరిగి, చచ్చిపోయినవాళ్ల పేర్లు తీయించాలె, పద్దెనిమిది నిండినవాళ్ల పేర్లు చేర్పించాలె. పంచాయతీ ఎన్నికలు దగ్గరకొచ్చినయి. సంచి తెచ్చి బీరువా మీద పెట్టిన, రేపు చూద్దాం రేపు చూద్దాం అని వారం గడిపిన. అది నా మొదటి తప్పు. పెద్ద తప్పు ముందుంది.

ఊళ్లో నాకు ఒక్కతే స్నేహితురాలు, ఒక ఆవపల్లామె. నా ఈడుదే. బడి వెనక వాళ్ల చేను. ఆమె నాకు దోర్లీ నేర్పింది, నేను ఆమెకు సంతకం నేర్పిన. నవ్విందంటే చేను అవతలి గట్టుకు వినపడుద్ది. ఒక సోమవారం పొద్దున, ప్రార్థన అయి పిల్లలు ఇంకా లోపలికి పోలేదు, ఆమె చేలోంచి మట్టికాళ్లతో నేరుగా వరండా ఎక్కింది. నవ్వు లేదు.

"ఏందక్కా, నేను లేనట?" అన్నది.

జరిగింది ఏందంటే, వాళ్ల పాడాలో, అంటే ఊళ్లో వాళ్లుండే వాడలో, బోరింగు చెడిపోయి చాలా రోజులయింది. ఆడవాళ్లు వాగుకు పోయి నీళ్లు మోస్తున్నరు. అడగడానికి ఈమె పంచాయతీ భవనానికి పోయింది. మా ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్లది. సర్పంచ్ ఒకామె, కుర్చీలో కూర్చునేది ఆమె మొగుడు. మా జిల్లాలో ఇది ఎంత మామూలంటే దానికొక పదవి పేరే ఉంది, సర్పంచ్ పతి అని. ఆ పతి గారు ఈమెను చూసి, "నీళ్ల సంగతి మీ వార్డు పంచ్ మెంబరు వచ్చి అడగాలె, నువ్వెవరు?" అన్నడట. ఈమె ఊరుకోలేదు. "అయితే ఈసారి వార్డుకు నేనే నిలబడత" అన్నది. దానికాయన కిసుక్కున నవ్వి, "నీ పేరు లిస్టులోనే లేదు పో. లేనిదానివి ఎట్ల నిలబడతవు?" అన్నడట.

బీరువా మీది సంచి దించిన. లిస్టు తీసి వరండాలో పరిచి ఇద్దరం కూర్చున్నం. పాడా వరస వెతుకుతుంటే నా వేలు ఒక చోట ఆగిపోయింది. ఆవపల్లి బాయి. హిందీ లిస్టులో ఆడమనిషి పేరు పక్కన బాయి అని తగిలిస్తరు, అది మామూలే. దాని కింద ఇంకో ఆవపల్లి బాయి. దాని కింద ఇంకొకటి. ఇంకొకటి. నలుగురూ ఆవపల్లి బాయిలే, నలుగురికీ నలభై ఏళ్లే. భర్త పేరు గళ్లో కూడా నలుగురికీ పాడా పెద్దమనిషి పేరే. పాత సారు ఏ ఇంటికీ పోలేదు. ఎవరో మగవాళ్లను కూర్చోబెట్టుకుని వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఎక్కించిండు. తర్వాత ఆఫీసులో ఎవడో చూసి, ఒక్క మనిషినే నాలుగుసార్లు రాసిన్రని ముగ్గురిని కొట్టేసిండు. ఉసూర్ బాయిలు ఇద్దరు, అందులోనూ ఒకామెను కొట్టేసిన్రు. ఇట్లనే ఊరంతా.

"మిగిలిన ఆ ఒక్కతి ఎవరు? నేనా, నా తోడికోడలా?" అని అడిగింది.

"ఎవరయినా కావచ్చు."

అప్పుడు నవ్వింది. సగంలో ఆపేసింది. మిగిలిన ఆ ఒక్కతి ఎవరయినా ఓటు పడదు మరి, ఎందుకంటే ఆధార్ కార్డులో అసలు పేరుంది, లిస్టులో ఊరి పేరుంది. లిస్టులో తప్పులు దిద్దించుకునే గడువును మా దగ్గర దావా-ఆపత్తి అంటరు. అది శుక్రవారంతో అయిపోతది. శుక్రవారం దాటితే ఆమె నిలబడేది లేదు, ఓటేసేది లేదు, ఇంకో ఐదేళ్లు పతి గారి ముందర లేని మనిషిగా నీళ్లు అడుక్కోవాలె. నేనేమో అయిదో తరగతి పిల్లలకు ఆ నెలలోనే పాఠం చెప్పిన, పద్దెనిమిది నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు హక్కు అని. పిల్లలు గొంతులు చించుకుని వల్లెవేసిన్రు. వాళ్ల అమ్మలు బయట వాగు నుంచి నీళ్లు మోస్తున్నరు.

మంగళవారం సెలవు పెట్టి ఇద్దరం తహసీల్ ఆఫీసుకు పోయినం. కౌంటర్ వెనక గుమస్తా బాబు నెమ్మదస్తుడు, గొంతు పెంచడు. అట్లాంటివాళ్లతోనే నాకు ఎక్కువ మండుతది.

"నలభై ఏళ్లామె ఇప్పుడు కొత్తగా పేరు రాయించుకుంటుందా మేడం? ఇన్నేళ్లు ఏడుంది?"

"లిస్టులోనే ఉంది. మీరే కొట్టేసిన్రు."

"లిస్టులో ఉన్నది ఆవపల్లి బాయి. కార్డులో వేరే పేరు. ఇద్దరూ ఒకరే అని రుజువేంది?"

నేను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్న. బ్యాగులోంచి పిల్లలను బడిలో చేర్చుకునే దాఖలా రిజిస్టర్ తీసి ఆయన ముందర దభీమని వేసిన. "ఇదిగో. ఈమె కొడుకు నా బడిలోనే చదివిండు. తల్లి పేరు గడి ఉంటది. బడి రిజిస్టర్ కన్నా పెద్ద రుజువేం కావాలె మీకు?" అన్న. వరసలో ఉన్నవాళ్లంతా ఇటు చూసిన్రు. నేను ఇంకా గొంతు పెంచి, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించిన.

తల్లి పేరు: ఆవపల్లి బాయి.

నా అక్షరాలే. గుండ్రంగా, నీలం ఇంకుతో, ముత్యాల్లాంటివి. పేజీ తిప్పిన. ఉసూర్ బాయి. ఇంకో పేజీ. ఆవపల్లి బాయి, ఆవపల్లి బాయి. బిడ్డలను బడిలో చేర్చడానికి తండ్రులు వస్తరు, తల్లి పేరేంది అని వాళ్లను అడుగుతా, వాళ్లు చెప్పింది రాస్తా. పద్దెనిమిదేళ్లు అదే చేసిన. పాత సారును పొద్దుటి నుంచి ఎన్ని తిట్లు తిట్టిననో, అవన్నీ ఎవరివి?

బాబు నవ్వలేదు. రిజిస్టర్ మెల్లగా నా వైపు జరిపి, "అక్షరాలు బాగుంటయి మేడం మీవి" అన్నడు.

నా స్నేహితురాలు ఆ పేజీ మీదికి వంగింది. ఆమెకు చదవడం రాదు, తన సంతకం ఒక్కటే గుర్తుపడుతది. ఆ ఆకారం కోసం కొడుకు పేరున్న వరసంతా వెతికింది. దొరకలేదు. తలెత్తి నన్ను చూసి, "నా పేరు నీకు తెలుసు గదక్కా" అన్నది.

తెలుసు. సంతకం నేర్పింది నేనే గదా. పేరు తెలిసిన రోజున రిజిస్టర్ దిద్దాలని నాకు తట్టలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతయి. ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయిన. ఆ వెంటనే కోపమొచ్చింది, నా మీద నాకే, ఇంక బయటికి పోనని మొండికేసిన కోపం.

"ఒక తెల్లకాగితం ఇవ్వండి" అన్న. అక్కడే నిలబడి రాసిన. ఈ రిజిస్టర్‌లో తల్లుల పేర్లు తల్లులను అడగకుండా రాసిన. తప్పు నాది. వీళ్ల అసలు పేర్లు వేరు, వీళ్లంతా వేరువేరు మనుషులు, బతికున్నరు, ఈ ఊళ్లోనే ఉన్నరు. కింద సంతకం పెట్టిన.

బాబు చదివి, ఈసారి నిజంగానే నా మేలు కోరి అన్నడు. "ఇది లోపలికి పోతే మీకు నోటీసు వస్తది మేడం. సర్వీసు బుక్కులో ఎక్కుతది."

"ఎక్కనీ. నా పేరన్నా సరిగ్గా రాస్తరు గదా."

లోపలి పెద్దసారు ఆ కాగితం రెండుసార్లు చదివిండు. గురువారం మీ ఊరికే వస్త, ఒక్కొక్కరూ నా ముందర నిలబడాలె, ఊరు సాక్ష్యం చెప్పాలె, అప్పుడే రాస్త అన్నడు.

బుధవారం పొద్దున్నే సర్పంచ్ పతి బడికి వచ్చిండు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"మా ఇంటి ఆడవాళ్లను పదిమందిలో నిలబెట్టి పేర్లు చెప్పిస్తరా మేడం? ఇదేం మర్యాద?"

"ఇప్పపువ్వు ఏరుకురావడానికి అడివికి పంపిస్తరు, చింతపండు గంప నెత్తిన పెట్టి సంతకు పంపిస్తరు. అప్పుడేడ బోయిందన్నా మర్యాద?"

"మీరు కొంటా నుంచి వచ్చిన్రు. రేపో మాపో పోతరు. ఊరు మాది."

"పద్దెనిమిదేళ్ల నుంచి పోతనే ఉన్నగా. నీ ముగ్గురు పిల్లలకు ఎక్కాలు ఎవరు నేర్పిన్రో ఇంటికి పోయి అడుగు."

ఆయన పోయి ఊరంతా చెప్పించిండు, రేపు బడికాడికి ఏ ఇంటి ఆడమనిషీ పోవద్దని. ఆ సాయంత్రం నేను గడపగడపకూ తిరిగిన. చాలామంది తలుపు చాటు నుంచే మాట్లాడిన్రు. భయం కాదు. ఒకామె సిగ్గుపడుతూ, "అది ఇంకెవరిదో పేరు లెక్క అనిపిస్తదక్కా" అన్నది. పతి గారి ఇంటికి కూడా పోయిన, ఎందుకు పోను? ఆయన లేడు. వాళ్లమ్మ వాకిట్లో కూర్చుని చింతకాయలు కొట్టి గింజ తీస్తున్నది. ఎనభై దగ్గర ఉంటయేమో, ఊరంతా అవ్వ అంటరు. లిస్టులో కొట్టేసిన ఆ ఉసూర్ బాయి ఆమెనే.

"నాకెందుకు బిడ్డా ఇప్పుడు" అన్నది. కాసేపు చింతకాయలు కొట్టి మళ్లీ అడిగింది. "నన్ను కూడా కొట్టేసిన్రా?"

"కొట్టేసిన్రవ్వా."

ఇంకో చింతకాయ ముందరికి లాక్కున్నది. నేను లేచి వచ్చేసిన.

గురువారం పెద్దసారు జీపు దిగి వరండాలో బల్ల ముందర కూర్చున్నడు. మగవాళ్లు ఒకపక్క గోడకు ఆనుకుని వరసగా కూర్చున్నరు, ముందర పతి గారు. వంట షెడ్డు దగ్గర ఆడవాళ్లు. ఊరంతా తిరిగి కాళ్లరిగిపోతే వచ్చింది నలుగురు ఆవపల్లామెలు, ఇంకో ఇద్దరు. సారు మొదట మగవాళ్లనే అడిగిండు.

"ఈమె ఎవరు?"

"ఆవపల్లామె."

"ఈ పక్కామె?"

"ఆవపల్లామె."

మూడోసారికి కిటికీలోంచి పిల్లలు కిలకిలా నవ్విన్రు. నాలుగోసారికి సారు పెన్ను మూత పెట్టేసిండు. "అందరూ ఒక్క పేరే చెప్తున్నరు గదా మేడం. ఆఫీసులో కొట్టేస్తే తప్పేంది?" అన్నడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచిన. నా స్నేహితురాలు నా మోచెయ్యి పట్టుకుని పక్కకు జరిపింది. "నువ్వు ఊకో అక్కా. నువ్వు చెప్తే అది నువ్వు చెప్పినట్టే అయితది" అన్నది. పోయి బల్ల ముందర నిలబడ్డది. తన పేరు చెప్పింది. తండ్రి పేరు చెప్పింది. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చుకుని, మా దగ్గర ఆడవాళ్లు నోట పలకని మొగుడి పేరు కూడా చెప్పేసింది. మగవాళ్లలో ఎవరో అబ్బో అన్నరు. ఆ మొగుడు అక్కడే ఉన్నడు, తల గోక్కుంటూ నేల చూసిండు, కాదనలేదు. రెండో ఆవపల్లామె వచ్చింది. మూడో ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్తే సారు కొంగు తీసి చెప్పమ్మా అన్నడు, తీసి చెప్పింది. నలుగురికి నాలుగు పేర్లు. ఇది చూసి దారిలో బిందెలతో నిలబడ్డవాళ్లు బిందెలు దించి లోపలికి రావడం మొదలుపెట్టిన్రు.

పతి గారు లేచిండు. "సార్, వీళ్లు ఏది చెప్తే అది రాసేస్తరా? ఈ పేర్లు మేం ఎన్నడూ వినలేదు. ఊళ్లో మగవాళ్లకు తెలియని పేర్లు ఎట్ల చెల్లుతయి?"

సారు లిస్టు మీద వేలు పెట్టి చూసిండు. "ఉసూర్ బాయి. ఈ ఇంటి నంబరు మీదే గదా?"

"అవును సార్, మా అమ్మ."

"మరి మీకు తెలిసే ఉంటది. అమ్మ పేరు చెప్పండి, ఇది కూడా దిద్దుదాం."

పతి గారు నోరు తెరిచిండు. ఉసూర్ అని, ఆగిపోయిండు. పక్కన కూర్చున్న అన్నను చూసిండు. ఆయన బాబాయిని చూసిండు. యాభై ఏళ్ల మనిషి, ఊరిని నడిపించే మనిషి, కన్నతల్లి పేరు కోసం మగవాళ్ల మొహాల్లో వెతుకుతున్నడు, ఒక్కరి దగ్గరా లేదు. నాకు ఆ నిమిషం జాలి కలిగిందని రాస్తే బాగుంటది గానీ, కలగలేదు. అబద్ధం చెప్పను.

వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. "వాడికేం తెలుసు సార్. వాడు పుట్టకముందు పేరది."

అవ్వ. ఎప్పుడొచ్చిందో, మనవరాలి భుజం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డది. చేతికి ఇంకా చింతపండు జిగురు. బల్ల దాకా నడిచి వచ్చి పేరు చెప్పింది. సారుకు వినపడలేదు. ఇంకోసారి చెప్పింది. ఆయన రాసుకున్నడు. కొడుకు చొక్కా జేబులో పెన్నులు సర్దుకుంటూ కూర్చుండిపోయిండు.

శుక్రవారానికి అందరి పేర్లూ ఎక్కినయి. ఆ పేర్లు నేను ఇక్కడ రాయను. వాళ్లు ఆ రోజు నోరు తెరిచింది లిస్టు కోసం, నా రాత కోసం కాదు. అడగకుండా ఒకసారి రాసిన చెయ్యి ఇది, ఇంక చాలు. కావాలంటే లిస్టు బడి గోడకు అంటించి ఉంది, వచ్చి చదువుకోండి. నాకు నోటీసు వచ్చింది. దాఖలా రిజిస్టర్‌లో ప్రతి పేజీకి కూర్చుని, ప్రతి తల్లినీ పిలిచి అడిగి, ఎర్ర ఇంకుతో దిద్దిన. ఆ నోటీసును అదే రిజిస్టర్‌లో మడిచి పెట్టిన. నా స్నేహితురాలు వార్డు గెలిచింది. బోరింగు బాగుచేయించడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది, పతి గారు ఇంకా పతి గారే, కుర్చీ ఇంకా ఆయన కిందే ఉంది. చూద్దాం.

కానీ నాకు గుర్తుండేది ఓటు రోజు పొద్దున. పోలింగ్ బూత్ మా బడిలోనే. లోపల కూర్చున్న అధికారి ఒక్కొక్కరి నంబరు, పేరు గట్టిగా చదవాలె, పోటీచేసేవాళ్ల ఏజెంట్లు తమ లిస్టులో టిక్కు పెట్టుకోవాలె. అది నియమం. నేను బయట కిటికీ పక్కన చీటీలు ఇస్తూ కూర్చున్న. ఆ ఊళ్లో ఎన్నడూ వినని పేర్లు ఒకదాని వెనక ఒకటి కిటికీలోంచి వాకిట్లో పడుతున్నయి. వరసలో నిలబడ్డ మగవాళ్లు ఎవరిది ఎవరిది అని తొంగిచూస్తున్నరు.

అవ్వ వంతు వచ్చింది. పేరు చదివిన్రు. తర్వాతి పేరు రాలేదు. కిటికీలోంచి చూసిన. అవ్వ బల్ల ముందర కదలకుండా నిలబడ్డది. ఇంకు సీసా పట్టుకున్నతను, "వేలు చూపెట్టు అవ్వా" అంటున్నడు. ఆమె చెయ్యి కొంగులోనే ఉంది.

"ఆ పేరు ఇంకోసారి పిలవండి" అన్నది.

"పిలిచినం గదా అవ్వా, వెనక చాలామంది ఉన్నరు."

అవ్వ పక్క బెంచీ వైపు తిరిగింది. అక్కడ పెళ్లాం తరఫు ఏజెంటుగా పెన్సిలు, లిస్టు పట్టుకుని కూర్చున్నది ఆమె కొడుకే.

"నీ కాగితంలో కూడా ఉంటది గదరా" అన్నది. "నువ్వు చదువు."

గదంతా ఆయన వైపే చూసింది. పెన్సిలు కింద పెట్టిండు. గొంతు సవరించుకుని, తల్లి పేరు చదివిండు.

అవ్వ అప్పుడు వేలు చాపింది.